సేవా వ్యాపారంలో నష్టం ఎవరిది? – కుప్పం ప్రయోగం నేపథ్యంలో ఒక విమర్శ

పేదరిక నిర్మూలనకు దానధర్మాలు చాలవు, ప్రభుత్వ పథకాలూ చాలవు. వ్యాపార దక్షతను, లాభాపేక్షను సమాజహితానికి కాడి కట్టాలి అనే సిద్ధాంతం గత మూడు నాలుగు దశాబ్దాలుగా ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. ఈ మార్గాన నడిచేవారిని ఆంగ్లంలో 'సోషల్ ఆంత్రప్రెన్యూర్లు' అంటున్నారు. తెలుగు పత్రికలు వీరిని 'సామాజిక వ్యవస్థాపకులు' అని వ్యవహరిస్తున్నాయి. విశ్వవిద్యాలయాలలో ఈ విషయం పాఠ్యాంశమైంది. అంతర్జాతీయ వేదికలపై దీనికి బహుమతులూ, బిరుదులూ ఉన్నాయి.

ఏ సిద్ధాంతాన్నయినా దాని ఆశయాలను బట్టి మాత్రమే తూచటం న్యాయం కాదు. ఆశయాలు అందరివీ మంచివే. ఆచరణలో అది ఎవరికి ఏమి ఇచ్చింది, ఎవరి నుండి ఏమి తీసుకొంది అన్నదే గీటురాయి. అటువంటి పరీక్షకు పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగాన ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు మిక్కిలి అనువైనవి. ఈ సిద్ధాంతానికి పేరుమోసిన ప్రయోగాలలో ఒకటి కుప్పంలోనే జరిగింది. దానికి భిన్నమైన మార్గాలు కూడా ఈ నేలమీదనే దొరుకుతాయి.

పదంలోనే దాగిన ప్రశ్న

'ఆంత్రప్రెన్యూర్' అన్నది ఫ్రెంచి మాట. పనిని తలకెత్తుకొనేవాడని దాని మూలార్థం. అర్థశాస్త్రంలో ఈ మాటకు తొలిసారిగా నిర్దిష్టమైన స్థానం కల్పించినవాడు ఐర్లాండులో పుట్టి ఫ్రాన్సులో వర్తకం సాగించిన రిచర్డ్ కాంటిలాన్. ఆయన మరణానంతరం 1755లో వెలువడిన గ్రంథంలో ఇచ్చిన వివరణ ఇది: నిశ్చితమైన ఖర్చు పెట్టి, అనిశ్చితమైన ధరకు అమ్ముకొనేవాడే ఆంత్రప్రెన్యూర్. దీనికి ఆయన చూపిన ఉదాహరణలలో మొదటివాడు రైతు. భూస్వామికి ఇవ్వవలసిన కౌలు నిశ్చితం, పంటకు వచ్చే ధర అనిశ్చితం. ఆ రెంటి నడుమ గల భయాన్ని మోసేవాడు రైతు గనుక అతడే అసలైన వ్యవస్థాపకుడు.

ఈ మాట తెలుగులోకి వచ్చేటప్పుడు అందులోని భయం జారిపోయింది. 'వ్యవస్థాపకుడు' అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది శిలాఫలకంపై పేరున్న పెద్దమనిషి. 'ఔత్సాహిక పారిశ్రామికవేత్త' అంటే ఉత్సాహం స్ఫురిస్తుంది. స్థాపన ఉంది, ఉత్సాహం ఉంది, కానీ నష్టానికి జవాబుదారీ వహించటం అన్న అర్థం ఈ రెంటిలోనూ లేదు.

తప్పు అనువాదకులది మాత్రమే కాదు. 1911లో జోసెఫ్ షుంపీటర్ ఆర్థికాభివృద్ధిపై వెలువరించిన గ్రంథంలో వ్యవస్థాపకుని పని కొత్తదనాన్ని తేవటమేననీ, నష్టభయం పెట్టుబడి ఇచ్చినవానిదనీ విడదీశాడు. 1998లో గ్రెగరీ డీస్ సామాజిక వ్యవస్థాపకతను నిర్వచిస్తూ రాసిన వ్యాసం చాలావరకు ఈ షుంపీటర్ సంప్రదాయాన్నే ఆశ్రయించింది. మార్పు తెచ్చేవాడు, అవకాశాన్ని పసిగట్టేవాడు అనే గుణాలు అందులో ప్రధానమయ్యాయి. నష్టం వస్తే ఎవరు భరించాలి అనే ప్రశ్న మాత్రం వెనుకకు పోయింది. షుంపీటర్ కనీసం ఆ భారాన్ని పెట్టుబడిదారు నెత్తిన ఉంచాడు. ఆయన వారసులు దానిని ఎవరి నెత్తినా ఉంచినట్లు కనబడదు. మోసేవాడిని పేర్కొననంత మాత్రాన భారం మాయం కాదు. అది అందరికంటె బలహీనుని భుజాన వాలుతుంది.

ఇస్లామీయ వాణిజ్య ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్నకు పురాతనమైన సమాధానం కలదు. ముదారబా అనే భాగస్వామ్యంలో ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమిస్తారు. లాభాన్ని ముందుగా ఒప్పుకొన్న నిష్పత్తిలో పంచుకొంటారు. నష్టం వస్తే పెట్టుబడి మేరకు నష్టపోయేది ధనం ఇచ్చినవాడే. శ్రమించినవాడు తన శ్రమను కోల్పోతాడు. అతని నిర్లక్ష్యమో, ఒప్పంద ఉల్లంఘనో ఉంటే తప్ప అసలు సొమ్ము తిరిగి చెల్లించమని అతనిని అడగరాదు. లాభం వచ్చినా రాకున్నా తనకింత ముట్టాలని ధనికుడు పట్టుబడితే ఆ ఒప్పందమే చెల్లదు. లాభంపై హక్కు నష్టభారంతో ముడిపడి ఉండాలన్నది ఇందలి సూత్రం. దీనిని ఏ మతస్థుడైనా వ్యవహార న్యాయంగా అంగీకరించగలడు. కాంటిలాన్ చెప్పినదీ, ఫఖీహులు చెప్పినదీ ఈ ఒక్క విషయంలో దగ్గరగా వస్తాయి. ఇకపై పరిశీలించే ఉదాహరణలకు ఇదే కొలబద్ద.

కుప్పం ప్రయోగం

2002 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన కంప్యూటర్ల సంస్థ హ్యూలెట్-పకార్డ్, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పేరిట ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1989 నుండి నారా చంద్రబాబు నాయుడు ప్రాతినిధ్యం వహిస్తున్న శాసనసభా నియోజకవర్గం కుప్పం. 2002లో ఆయనే ముఖ్యమంత్రి. ఆంధ్ర, తమిళ, కర్ణాటక సరిహద్దులు కలిసే మెట్టభూముల ప్రాంతం. సుమారు 3 లక్షల జనాభాను ఉద్దేశించి, మూడేళ్ల గడువుతో ఆరంభమైన ఈ పథకంలో సమాచార కేంద్రాలు నెలకొల్పారు. ప్రభుత్వ పథకాలు, వ్యవసాయ సమాచారం, ఫొటోకాపీ, టెలిఫోన్ వంటి సేవలు వాటిలో అందుబాటులోకి వచ్చాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో పనిచేసే చిన్న ప్రింటరు అందించి, గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దే ప్రయత్నం అన్నిటికంటె ఎక్కువగా ప్రపంచ దృష్టిని ఆకర్షించింది.

ఈ ప్రయోగాన్ని సమర్థిస్తూ 2003 ఆగస్టులో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ' పత్రికలో డెబ్రా డన్, కీత్ యమషితా ఒక వ్యాసం రాశారు. డన్ ఆ సంస్థలోనే ఉన్నతాధికారిణి. వ్యాసకర్తల నిజాయితీని మెచ్చుకోవాలి. ఇది దానం కాదనీ, కుప్పం వంటి చోట్ల ప్రజలతో కలిసి పనిచేయటం వలన సంస్థ కొత్త మార్కెట్లను, కొత్త వస్తువులను నేర్చుకొంటుందనీ వారు దాచకుండా చెప్పారు. ఇటువంటి చోట్లను సజీవ ప్రయోగశాలలుగా భావించటం ఈ ఆలోచనకు కేంద్రం.

మరుసటి ఏడు, 2004లో, కోయంబత్తూరులో జన్మించి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సి.కె. ప్రహ్లాద్ ఇదే ధోరణికి సిద్ధాంతరూపం ఇస్తూ 'ది ఫార్చ్యూన్ ఎట్ ది బాటమ్ ఆఫ్ ది పిరమిడ్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. ఆర్థిక పిరమిడ్ అడుగున ఉన్న 400 కోట్ల మందిని దయకు పాత్రులుగా కాక, గౌరవించదగిన వినియోగదారులుగా చూడమని ఆయన పెద్ద సంస్థలను కోరాడు. పేదవాడిని చేయి చాచేవాడిగా చూడవద్దన్న ఈ మాటలో ఔన్నత్యం ఉంది. అయితే అదే మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అనీల్ కర్నానీ 2007లో ఎత్తిచూపినట్లు, పేదవానికి కావలసింది కొనే అవకాశం కంటె ముందు అమ్ముకొనే అవకాశం. వినియోగదారుడు కాకముందు అతడు ఉత్పత్తిదారుడు. ఈ విమర్శ సరైనదే గాని సగం దూరమే వెళ్లింది. పేదవాడు ఉత్పత్తిదారుడైనంత మాత్రాన చాలదు; ఆ ఉత్పత్తిలోని నష్టాన్ని ఒంటరిగా మోయవలసివస్తే అతని స్థితి మారదు.

కుప్పం ప్రయోగాన్ని మన కొలబద్దతో చూద్దాం. గ్రామ మహిళలు కొందరు ఒక విద్య నేర్చారు, కొంత ఆదాయం గడించారు. అది కాదనలేని మేలు. సంస్థ కూడా నేర్చింది: ఎండలో, దుమ్ములో, కరెంటు లేనిచోట యంత్రాలు ఎలా పనిచేయాలి, పేదలు దేనికి డబ్బు చెల్లిస్తారు అన్న పాఠాలు. ఇంతవరకు ఇరుపక్షాలదీ లాభమే. తేడా విరమణ వేళ బయటపడింది. 2004 మేలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో ఆ సంస్థ అధినేత్రి కార్లీ ఫియోరినా పదవి కోల్పోయింది. ఆ ఏడే, మూడేళ్ల గడువు తీరగా, సంస్థ కుప్పం నిర్వహణ నుండి తప్పుకొంది. నేర్చిన పాఠాలు సంస్థతో వెళ్లాయి. పాతబడే యంత్రాలు, వాటి మరమ్మతు ఖర్చు, సేవలకు గిరాకీ ఉంటుందో ఉండదోనన్న బెంగ మాత్రం ఊరిలో మిగిలాయి.

దానం అలసిపోతుంది గాని లాభాపేక్ష అలసిపోదు, కనుక వ్యాపార ప్రయోజనంతో ముడిపెట్టిన సేవయే నిలుస్తుంది అన్నది ఈ సిద్ధాంతానికి ప్రాణం వంటి వాదం. కుప్పంలో దెబ్బతిన్నది సరిగ్గా ఈ వాదమే. వ్యాపార ప్రయోజనానికి నిలకడ ఉంటుందన్నది నిజమే గాని, అది ఏ ఊరి పట్లా నిలకడ కాదు. ప్రయోజనం ఎటు వెళితే అటు వెళుతుంది. సంస్థ మోసం చేయలేదు. ఒప్పుకొన్న గడువు వరకు ఉంది. లోపం ఒప్పందంలోనే ఉంది. మూడేళ్ల తరువాత వచ్చే నష్టానికి భాగస్వామిని కానని అందులో ఒక పక్షం ముందుగానే అనుకొంది.

మరొక విషయం గమనార్హం. కుప్పంలో కంప్యూటర్ కేంద్రాలు తెరుచుకొన్న 2002లోనే ఇదే జిల్లాలో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. ఒకే ఏడాదిలో ఒకే జిల్లాలో రైతులు తమదని చెప్పుకోగల వ్యాపారం ఆగిపోయి, వారిని వినియోగదారులుగా గుర్తించే వ్యాపారం మొదలైంది. ఒకటి మరొకదానికి కారణం కాదు. కాని ఆనాడు దేనికి జయజయధ్వానాలు లభించాయో, ఏది నిశ్శబ్దంగా జరిగిపోయిందో తెలుసుకోవటం అవసరం.

అప్పు అనే సేవ

యంత్రాల విషయంలో నష్టం కొంతమేరకే పరిమితమైంది. సేవ పేరిట అప్పు ఇచ్చినప్పుడు అదే లోపం ప్రాణాంతకమైంది. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్ ఆరంభించిన గ్రామీణ బ్యాంకు ఉద్యమానికి 2006లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ నమూనాను అనుసరించి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనేక సూక్ష్మరుణ సంస్థలు వెలిశాయి. వాటిలో పెద్దదైన ఎస్.కె.ఎస్. సంస్థ సేవాసంస్థగా మొదలై, వ్యాపార సంస్థగా మారి, 2010 ఆగస్టులో షేరు ఒక్కింటికి 985 రూపాయల ధరతో స్టాక్ మార్కెట్‌లో ప్రవేశించి 1,600 కోట్ల రూపాయలకు పైగా సమకూర్చుకొంది. రెండు నెలలు తిరగకముందే, వసూళ్ల ఒత్తిడి, రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నడుమ, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేస్తూ ఆర్డినెన్స్ జారీ చేయవలసివచ్చింది.

ఈ వ్యవస్థ నిర్మాణాన్ని పరిశీలించండి. మహిళలను బృందాలుగా కూర్చి, ఒకరి అప్పుకు మిగిలినవారిని పూచీగా ఉంచారు. ఆవు చచ్చినా, మగ్గం ఆగినా, ఇంట జబ్బు చేసినా వారం వారం కట్టవలసిన వాయిదా ఆగదు. ఒకామె కట్టలేకపోతే పక్కింటామె కట్టాలి. నష్టం సంస్థ గుమ్మం తొక్కకుండా పేదల నడుమనే తిరిగేలా చేసిన ఏర్పాటు ఇది. దీనికి సంఘబలం అని పేరు పెట్టారు. వసూళ్లు నూటికి 98, 99 అని గర్వంగా చెప్పుకొన్నారు. అంత ఎక్కువ వసూలు పేదల నిజాయితీకి గుర్తు కావచ్చు. నష్టాన్ని పంచుకోని ఒప్పందానికి కూడా గుర్తే.

కుప్పం, పుంగనూరు, మదనపల్లెలకు పొరుగునే ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లాలో ఈ సమస్య మరొక రూపం దాల్చింది. పట్టుదారం తీసే కుటుంబాలలో ముస్లింలు అధికం. పట్టు వ్యాపారం మందగించి, ఒక్కొక్క ఇంటి మీద పలు సంస్థల అప్పులు పేరుకొన్న దశలో, 2009 జనవరిలో కోలారు అంజుమన్ కమిటీ ఈ సంస్థలతో లావాదేవీలు మానుకొమ్మని ముస్లిం మహిళలకు పిలుపునిచ్చింది. శిడ్లఘట్ట, రామనగర, మైసూరులలో కూడా వాయిదాలు ఆగిపోయాయి. సంస్థలు కొత్త అప్పులు నిలిపివేశాయి.

వడ్డీ నిషిద్ధమన్న విషయంలో ఉలమాలో భేదాభిప్రాయం లేదు. అయినా ఆ పిలుపును విమర్శించక తప్పదు. వద్దన్న తరువాత ఏమి అన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు. గూళ్లు కొనటానికి సోమవారం ఉదయం డబ్బు కావలసిన ఇల్లాలికి మూసిన తలుపు ఒకటి చూపారు గాని, తెరిచిన తలుపు చూపలేదు. నిషేధం మీద ఉన్న శ్రద్ధలో సగం ప్రత్యామ్నాయం మీద ఉంటే, అంజుమన్ స్వయంగా దారపు వ్యాపారంలో భాగస్వామి అయి, నష్టంలో తన వాటా మోసి చూపగలిగేది.

యూనుస్ తరువాతి కాలంలో తన ఆలోచనను సవరించుకొని 'సోషల్ బిజినెస్' అనే భావనను ప్రతిపాదించాడు. 2007లోను, 2010లోను వెలువడిన గ్రంథాలలో దానిని వివరించాడు. మదుపుదారు తన అసలు సొమ్మును మాత్రమే తిరిగి తీసుకొంటాడు. ఆపై లాభాంశం ఆశించడు. స్టాక్ మార్కెట్ మార్గం కంటె ఇది ఎన్నో రెట్లు ఉత్తమం. అయినా ఇందులోనూ ఒక వెలితి ఉంది. లాభాన్ని వదులుకోవటం, నష్టాన్ని ఒప్పుకోవటం ఒకటి కావు. అసలు సొమ్ము తిరిగి రావాలన్నది ఇందులో నియమంగానే నిలిచింది. త్యాగబుద్ధి గల మదుపుదారు కూడా ఆ నియమాన్ని పట్టుకొని ఉంటే, చెడిన వ్యాపారపు భారం చివరకు కింద ఉన్నవాని మీదనే పడుతుంది.

మదనపల్లె, పుంగనూరు చూపే దారులు

నష్టాన్ని న్యాయంగా పంచిన ఏర్పాట్లు ఊహలోనివి కావు. మదనపల్లె చుట్టూ వాటిలో కొన్ని నూరేళ్లకు పైగా నిలిచి ఉన్నాయి. అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల, అదే ఏడు క్రైస్తవ మిషన్ల ఉమ్మడి కృషితో తెరుచుకొన్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం తిరిగి రాబట్టుకోవాలన్న ఆశ లేని సొమ్ముతో నడిచాయి. స్థాపకులు ఒక్కసారిగా నష్టాన్ని స్వీకరించి, ఆపై దాని ఊసెత్తలేదు. ముస్లింలకు పరిచితమైన వక్ఫ్ స్వభావం కూడా ఇదే. వక్ఫ్ చేసినవాడు దానిని వెనుకకు తీసుకోలేడు, అమ్ముకోలేడు.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ మరొక పాఠం చెబుతుంది. అక్కడి విద్యావనరుల సంస్థ చుట్టుపక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వారు నేర్చుకొనేందుకు అభ్యాస కార్డుల పద్ధతిని రూపొందించింది. కర్ణాటకలోని 'నలి-కలి'కి, తమిళనాడులోని కృత్యాధార బోధనకు అది ప్రేరణ అయింది. కుప్పం వలె ఇది కూడా పల్లెను పాఠశాలగా చేసుకొని నేర్చినదే. అయితే నేర్చినది వేరే పేద పిల్లల బడులకు చేరింది. బడులు ఆ పల్లెలలోనే మిగిలాయి.

రెండవ దారి, నష్టం మోసేవారే యజమానులు కావటం. 2014లో ప్రారంభమై తిరుపతి కేంద్రంగా పనిచేస్తున్న శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో సభ్యులందరూ పాడి మహిళలే. పాలు పోసేవారే వాటాదారులు; మిగులు వారిదే, ఓటు వారిదే. గ్రాసం కరువు, పశువు జబ్బు వంటి కష్టాలు వారికి తప్పలేదు. కానీ కష్టం ఒకరిది, లాభం మరొకరిది అన్న దుస్థితి లేదు. పత్రికలలో దీనికి వచ్చిన కీర్తి కుప్పం ప్రయోగానికి వచ్చిన దానిలో నూరవ వంతు కూడా ఉండదు. ఒక మహనీయుని బొమ్మ ముద్రించటానికి వీలైన కథ కాదు గదా!

పుంగనూరు పేరు మోస్తున్న పొట్టి ఆవు కథ దీనికి వ్యతిరేక దృష్టాంతం. అధిక పాల దిగుబడినిచ్చే సంకర జాతులు వచ్చాక ఈ చిన్న ఆవును సాకటం రైతుకు నష్టమైంది. జాతి క్షీణించింది. లాభం లేని ఆ దశాబ్దాలలో పలమనేరులోని పశు పరిశోధనా స్థానం ప్రజాధనంతో ఒక మందను కాపాడింది. ఇప్పుడు ముచ్చటకు పెంచుకొనేవారు లక్షల రూపాయలు పోసి కొంటున్నారు. 2024 జనవరిలో ప్రధానమంత్రి నివాసంలోని పుంగనూరు ఆవుల చిత్రాలు దేశమంతటా వెలువడ్డాక గిరాకీ మరింత పెరిగింది. నష్టకాలాన్ని భరించినది ప్రజాసంస్థ, పాత తరం రైతులు. లాభకాలం వచ్చేసరికి దానిని అందుకొన్నవారు వేరు.

ఇక మదనపల్లె టమాటా మార్కెట్. దేశంలోని అతి పెద్ద టమాటా మార్కెట్లలో ఇది ఒకటి. 2023 జూలై చివర ఇక్కడ కిలో ధర 200 రూపాయలకు చేరువైంది. కోత కూలి కూడా గిట్టక పంటను రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ ఉన్నాయి. నారు, మందులు, కట్టెలు, కూలి అన్నీ నిశ్చితమైన ఖర్చులు. ధర ఒక్కటే అనిశ్చితం. పంటకు ముందు మండీ ఇచ్చిన అడ్వాన్సు వలన రైతు ఆ మండీకే సరుకు తేవాలి. ధర ఎంత పలికినా మండీ కమిషన్ మండీకి దక్కుతుంది. కాంటిలాన్ నిర్వచనాన్ని అక్షరాలా అన్వయిస్తే, ఈ మార్కెట్‌లో వ్యవస్థాపకుడనదగినవాడు సరుకు దింపిన రైతే. అతనికి ఏ వేదిక మీదా ఆ బిరుదు ఇవ్వలేదు.

సమాజహితం కోరే వ్యాపారికి ఇంతకంటె అవసరమైన రంగం ఈ ప్రాంతంలో మరొకటి లేదు. షరీఅత్ ఆమోదించిన సలమ్ ఒప్పందం ఇక్కడ పరిశీలనకు అర్హం. సరుకు పరిమాణం, నాణ్యత, గడువు స్పష్టం చేసి, పూర్తి ధరను ముందే చెల్లించటం సలమ్. దీనితో ధర పడిపోయే భయం కొనుగోలుదారునికి బదిలీ అవుతుంది. పంట పోయే భయం మాత్రం రైతుదే. పైగా గత్యంతరం లేని రైతును అతి తక్కువ ధరకు ఒప్పించే ప్రమాదమూ ఉంది. కనుక రైతులు సంఘంగా బేరమాడినప్పుడే సలమ్ న్యాయంగా పనిచేస్తుంది. ఏ ఒప్పందానికైనా పేరు మాత్రమే పుణ్యం తెచ్చిపెట్టదు.

స్వగృహ విమర్శ

ఈ చివరి మాట ముస్లిం సమాజం తనకు తాను చెప్పుకోవలసినది. ఇస్లామీయ బ్యాంకులలో ఎక్కువ లావాదేవీలు ముదారబా రూపంలో లేవు. సరుకు కొని, నిర్ణీత లాభం కలిపి, వాయిదాలపై అమ్మే మురాబహా రూపంలో ఉన్నాయి. ధర్మశాస్త్ర దృష్ట్యా అది అనుమతించబడినదే. కాని సరుకు బ్యాంకు చేతిలో క్షణకాలమే ఉండి, భయమంతా కొనుగోలుదారునికి పోయే పద్ధతి స్థిరపడినప్పుడు, వడ్డీ వ్యాపారానికీ దానికీ గల దూరం పేద కొనుగోలుదారు కంటికి ఆనదు.

ఇంతకంటె ఘోరం, ధర్మం పేరిట జరిగిన మోసం. హలాల్ పెట్టుబడి అన్న పిలుపుతో బెంగళూరులో సొమ్ము సేకరించిన ఐ.ఎం.ఎ. సంస్థ 2019 జూన్‌లో కుప్పకూలినప్పుడు వేలాది సామాన్య కుటుంబాలు వీధిన పడ్డాయి. నెల నెలా క్రమం తప్పక లాభం వస్తున్నప్పుడే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: నష్టం ఎన్నడూ రాని ఈ వ్యాపారం ఏమిటి? నష్టం రాని ముదారబా లోకంలో లేదు. ఆ ప్రశ్న మదుపుదారులు అడగలేదు. అడగమని వారికి నేర్పవలసినవారు నేర్పలేదు. వక్ఫ్ ఆస్తుల ఆక్రమణల సంగతి అందరికీ తెలిసినదే. శాశ్వతమైన దానం కూడా కాపలా లేకుంటే శాశ్వతం కాదు.

కనుక కుప్పం ప్రయోగాన్ని పాశ్చాత్యుల పొరపాటనీ, పరిష్కారం మన గ్రంథాలలో సిద్ధంగా ఉందనీ తృప్తిపడటం తగదు. గ్రంథాలలో ఉన్నది కొలబద్ద. దానిని కంపెనీ మీద ప్రయోగించినంత నిక్కచ్చిగా అంజుమన్ మీద, బైతుల్‌మాల్ మీద, హలాల్ ముద్ర వేసుకొన్న సంస్థ మీద ప్రయోగించినప్పుడే అది కొలబద్ద అనిపించుకొంటుంది.

ఏమి అడగాలి?

వ్యాపారం ద్వారా సమాజసేవ అసాధ్యమని ఈ పరిశీలన చెప్పటం లేదు. శ్రీజ వంటివి అది సాధ్యమని రుజువు చేస్తున్నాయి. లాభం ఆర్జించటం దోషం కాదు. కంపెనీలు పల్లెలకు రావటమూ దోషం కాదు. వచ్చినప్పుడు ఎంతమందికి మేలు జరిగిందన్న లెక్క ఒక్కటే చూడటం దోషం. ఆ లెక్కను వచ్చినవారే రాసుకొంటారు. దానితో పాటు మూడు విషయాలు అడగాలి. పని చెడితే సొమ్ము పోయేది ఎవరికి? నేర్చిన విద్య, కూడిన ఆస్తి ఎవరి పేరిట మిగులుతుంది? స్థాపకుడు వెళ్లిపోతే నడిపే అధికారం, నడిపే వనరు ఎవరి చేతిలో ఉంటాయి? మొదటి ప్రశ్నకు సమాధానం సరిగా ఉంటే మిగిలిన రెండూ చాలావరకు వాటంతట అవే చక్కబడతాయి. నష్టపోయే అవకాశం తనకున్నవాడు తొందరపడి విడిచిపోడు.

ఈ ప్రశ్నలు అడగాలంటే ఒప్పందం చదవగలగాలి. తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం కలగలిసి మాట్లాడే కుప్పం ప్రాంతంలో అప్పు పత్రమైనా, భాగస్వామ్య పత్రమైనా సంతకం చేసేవారి భాషలో ఉండాలి. 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కుప్పం. ఇటువంటి పత్రాలను సులభమైన మాటలలోకి తెచ్చే పని అక్కడి అనువాద విద్యార్థులకు అప్పగించవచ్చు. పత్రంలో లాభాల వివరం ఎక్కడ ఉన్నా ఫరవాలేదు. నష్టం ఎవరు భరిస్తారన్న వాక్యం మాత్రం మొదటి పుటలో, వేలిముద్ర వేసే మనిషికి చదివి వినిపించదగినంత తేటగా ఉండాలి. ఆ వాక్యం రాయటానికి ఏ సంస్థ వెనుకాడుతుందో, దాని సేవ ఎంతటిదో అక్కడే తెలిసిపోతుంది.